మూగబోయిన మైకుసెట్టు

పెళ్ళిపందిట్లో సన్నాయి పాటను, జాతరలో ప్రకటనలను, గుడి ముంగిట హరికథను ఊరంతటికీ వినిపించిన సాధనాన్ని పల్లెవాసులు మైకుసెట్టు అని పిలుచుకున్నారు. ట్రాన్సిస్టర్లు వ్యాప్తిలోకి రాకముందు ఆ పెట్టెలో పనిచేసినవి గాజు వాల్వులు. నాగర్‌కర్నూలు జిల్లాలోని ఉప్పునుంతల వంటి ఊరిలో ఏ అటక మీదనో అటువంటి చిన్న యాంప్లిఫయరు దుమ్ముకొట్టుకొని దొరికితే, చూసినవారికి మొదట కలిగే కోరిక ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయడం. చేయకూడని మొదటి పని కూడా అదే.

వాల్వు పనితీరు తెలిస్తే ఈ హెచ్చరికకు కారణం బోధపడుతుంది. 1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడుల వాల్వును రూపొందించాడు. 1906లో అమెరికాకు చెందిన లీ డి ఫారెస్ట్ దానికి మూడో ఎలక్ట్రోడును చేర్చాడు. అదే గ్రిడ్‌గా స్థిరపడింది. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో వేడెక్కిన కాథోడు ఎలక్ట్రాన్లను వెదజల్లుతుంది. ధనావేశం గల ప్లేటు వాటిని ఆకర్షిస్తుంది. నడుమనున్న గ్రిడ్ చెరువు తూము వంటిది. తూము తలుపు కొద్దిగా కదిలినా కాలువ నీరు పెరిగినట్లో తగ్గినట్లో, గ్రిడ్ మీద స్వల్పమైన వోల్టేజి మార్పు ప్లేటు ప్రవాహంలో పెద్ద మార్పు తెస్తుంది. అయితే ఆ ప్లేటుకు సుమారు 250 వోల్టుల ఏకముఖ విద్యుత్తు కావాలి.

చిన్న సెట్టులో సాధారణంగా మూడు వాల్వులు ఉంటాయి. ఇ.సి.సి.83 మైకు సంకేతాన్ని పెంచుతుంది, ఇ.ఎల్.84 స్పీకరును నడుపుతుంది, ఇ.జడ్.80 ఏకాంతర విద్యుత్తును ఏకముఖంగా మారుస్తుంది. ఆ విద్యుత్తులోని అలలను అణచివేసేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. స్విచ్చి కట్టివేసి, ప్లగ్గు తీసిన తరువాత కూడా వీటిలో ప్రాణాంతకమైన ఆవేశం నిలిచి ఉండవచ్చు. అనుభవజ్ఞులు కొన్ని వేల ఓముల నిరోధకం ద్వారా దానిని ఖాళీ చేసి, మీటరుతో సరిచూసి, అప్పుడే లోపల చేయి పెడతారు. ఈ పని నేర్చుకొనేవారు వారి పక్కన కూర్చొని నేర్చుకోవలసిందే.

ఏళ్ళ తరబడి వాడకపోతే ముందుగా చెడేవి కూడా ఈ కెపాసిటర్లే. లోపలి ద్రవం ఎండిపోయి కొన్ని సామర్థ్యం కోల్పోతాయి, కొన్ని షార్టవుతాయి. అందుకే మొదటిసారి విద్యుత్తు ఇచ్చేటప్పుడు సెట్టుకు వరుసలో 60 వాట్ల ఫిలమెంటు బల్బును కలుపుతారు. (ఎల్.ఇ.డి. బల్బు ఇందుకు పనికిరాదు.) బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే ప్రమాదం లేనట్లే. పూర్తి కాంతితో అలాగే వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్టు ఉన్నట్లు.

లోపాన్ని పట్టడంలో మీటరు కంటె ముందు పనికివచ్చేది చెవి. మన విద్యుత్ సరఫరా పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్. పూర్ణతరంగ రెక్టిఫయరు తరువాత అలలు 100 హెర్ట్‌జ్ అవుతాయి. కాబట్టి స్పీకరులో కాస్త హెచ్చు స్థాయి హోరు వినిపిస్తే ఫిల్టరు కెపాసిటర్లను, మంద్రమైన హోరు వినిపిస్తే 6.3 వోల్టుల హీటరు తీగలను అనుమానించాలి. పాత కెపాసిటరు స్థానంలో మరీ పెద్దది వేస్తే హోరు ఇంకా తగ్గుతుందని కొందరు భావిస్తారు. ఇ.జడ్.80 తరువాతి తొలి కెపాసిటరు 50 మైక్రోఫారడ్‌లను మించరాదు. మించితే రెక్టిఫయరే దెబ్బతింటుంది.

హోరు కంటె మోసకరమైనది రెండు వాల్వుల మధ్యనున్న కాగితపు కెపాసిటరు. అది కారితే ఇ.ఎల్.84 గ్రిడ్‌కు ధన వోల్టేజి చేరి ప్రవాహం అదుపు తప్పుతుంది. పాట మామూలుగానే వినిపిస్తుంది, లోపల ప్లేటు మాత్రం ఎర్రగా కాలుతుంది. దీనిని కనుగొనడానికి ఓము సూత్రం చాలు. కాథోడు నిరోధకం 150 ఓములై, దానిమీద 7.5 వోల్టులు చూపితే ప్రవాహం 50 మిల్లీఆంపియర్లు. ఇది ఉండవలసినంతే. 12 వోల్టులు చూపితే 80 మిల్లీఆంపియర్లు. వెంటనే సెట్టు కట్టివేసి ఆ కెపాసిటరును మార్చాలి. లేకుంటే వాల్వుతోపాటు, అంత సులభంగా దొరకని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలిపోతుంది.

తీగలు మళ్ళీ వేసేటప్పుడు హీటరు తీగలు రెండింటినీ జడలా మెలివేసి, రేకుకు ఆనించి, గ్రిడ్ తీగలకు దూరంగా నడపాలి. మైకు నుంచి వచ్చేది కవచం గల తీగ కావాలి. నేల తీగలన్నీ ఒకేచోట చేరాలి. పాత సెట్లలో రెండు పిన్నుల తీగ ఉంటే దానిని తీసివేసి, ఇనుప పెట్టెకు ఎర్తుతో మూడు పిన్నుల తీగ వేయడం తప్పనిసరి. టంకం వేసేముందు తీగ కొనను ట్యాగుకు చుట్టి బిగిస్తే, తరువాత కుదుపులకు అది ఊడిపోదు.

చివరగా స్పీకరు కలిపిన తరువాతనే విద్యుత్తు ఇస్తారు. స్పీకరు లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చుట్లలో అధిక వోల్టేజి పుట్టి లోపల నిప్పురవ్వలు ఎగయవచ్చు. స్విచ్చి వేసిన వెంటనే ఏమీ వినిపించదు. వాల్వుల అడుగున నారింజరంగు వెలుగు నెమ్మదిగా మొలుస్తుంది. కాథోడులు వేడెక్కడానికి అరనిమిషం పడుతుంది, ఆ తరువాత స్పీకరులో సన్నని సుస్వనం మొదలవుతుంది.