ప్రచార బండి మైకులో ఆ కూత ఎందుకొస్తుంది?

బడులు తెరిచే ముందు హోసూరు నుంచి బాగలూరు వైపు పల్లెల్లోకి మా సంఘం తరఫున ఒక బైకుకు మైకు కట్టి పంపాం. తెలుగు తరగతిలో పిల్లలను చేర్పించండి, ఫలానా తేదీలోపు బడికి రండి అని చెప్పాలి. బండి అన్ని వీధులూ తిరిగింది గానీ మాట చేరలేదు. ఒక వీధిలో ఒక అవ్వ పగిలిన ప్లాస్టిక్ బిందె పట్టుకొని ఎదురొచ్చి, “ఏమప్పా, దీనికి ఎంతిస్తావు?” అని అడిగింది. పాత సామాన్ల బండి అనుకుంది పాపం. మాకు నవ్వొచ్చింది. ఆ వీధి నుంచి ఒక్క బిడ్డా బడికి రాలేదని తెలిశాక ఆ నవ్వు పోయింది. పిల్లలు తగ్గితే తెలుగు టీచరును నిలుపుకోవడం ఎంత కష్టమో ఈ సరిహద్దు ఊళ్లలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఆ మైకులో మా మాటల కంటే “కుయ్యి...” అనే కూత ఎక్కువ వినబడింది. యాక్సిలరేటర్ తిప్పితే అదీ పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. మధ్యలో టకటకమని చప్పుడు. మేము చేసిన మొదటి పని పూర్తిగా తప్పు: స్పీకర్ పాడైందనుకొని కొత్తది కొన్నాం. ఫైలు కదలలేదని బీరువా మార్చినట్టయింది. కొత్త స్పీకర్ అదే కూతను ఇంకాస్త గట్టిగా వినిపించింది. బైకులు తయారయ్యే ఊళ్లో ఉంటూ ఈ మాత్రం తెలియలేదా అంటే, తెలియలేదు.

చివరికి ఒక కుర్ర మెకానిక్ మా కళ్లు తెరిపించాడు. “సార్, ఏమీ కొనకండి. ఒక్కొక్కటే పీకుతూ వినండి” అన్నాడు. బరంపురంలోనో బళ్లారిలోనో షోలాపూర్‌లోనో ఉగాదికి ఇలా బండి తిప్పే సంఘాల మిత్రులకు పనికొస్తుందని, ఆ వినే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఇంజను ఆపి, ఫోనులోని రికార్డింగు వేసి విన్నాం. శుభ్రంగా ఉంది. అంటే స్పీకరూ యాంప్లిఫయరూ నిర్దోషులు. ఇంజను స్టార్ట్ చేశాం, కూత వచ్చింది. ఇంజను నడుస్తుండగానే ఫోను నుంచి యాంప్లిఫయరుకు వచ్చే సన్న తీగను యాంప్లిఫయరు దగ్గర పీకాం. కూత పోయింది! ఈ ఒక్క పరీక్షతో సగం జవాబు దొరికింది. తీగ పీకినా కూత ఉంటే అది కరెంటు తీగలోంచి వస్తున్నట్టు, పోతే పాటొచ్చే తీగలోంచి వస్తున్నట్టు. మాది రెండోది. మళ్లీ తీగ పెట్టి, ఈసారి హ్యాండిల్ దగ్గర ఉన్న ఫోను ఛార్జరును పీకాం. కూత దాదాపు పూర్తిగా ఆగిపోయింది. అంటే ఇన్నాళ్లూ ఆ ఛార్జరు వల్లే.

దీనికి కారణం ఉంది. ఇంజను తిరిగేటప్పుడు లోపల మ్యాగ్నెట్ కాయిలు పుట్టించేది ఏసీ కరెంటు. రెక్టిఫయరు దాన్ని డీసీగా మార్చి బ్యాటరీకి పంపుతుంది గానీ, అది ట్యాంకులో నీళ్లలా నిశ్చలంగా ఉండదు, చిన్న అలలు మిగులుతాయి. ఇంజను వేగం పెరిగితే అలలు వేగమవుతాయి, కూత సన్నబడి పైకి పోతుంది. ఇక ఎర్తు సంగతి. బైకులో ఎర్తు అంటే భూమి కాదు, బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరే దారి, సగం తీగ, సగం బండి ఇనుము. మా యాంప్లిఫయరు మైనస్ తీగను వెనక క్యారియరు బోల్టుకు బిగించారు. ఆ బోల్టు తుప్పు పట్టి ఉంది. ఛార్జరుది ముందు హెడ్‌లైటు దగ్గర ఇంకో ఎర్తు. ఫోను ఈ రెంటినీ కలిపింది. వెనక దారి తుప్పుతో ఇరుకైంది గనుక కొంత కరెంటు పాటొచ్చే సన్న తీగలోంచి ప్రయాణించింది, దాంతోపాటు ఆ అలలూ వచ్చాయి. యాంప్లిఫయరుకు మన గొంతు ఏదో, అల ఏదో తెలియదు, రెంటినీ పెంచి వినిపిస్తుంది.

అందుకే యాంప్లిఫయరు ప్లస్, మైనస్ రెండు తీగలనూ నేరుగా బ్యాటరీకే తీసుకెళ్లాం. బోల్టును నమ్మడం మానేశాం. ఫోనుకు ఛార్జింగు కావాలంటే జేబులో పెట్టుకొనే పవర్‌బ్యాంకు వాడుతున్నాం. దానికి బండితో సంబంధం లేదు గనుక రెండో దారి ఉండదు. బండి ఛార్జరే వాడాలనుకునేవారికి గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, ధ్వని దాటుతుంది, ఎర్తు దాటదు. మాకు దాని అవసరం పడలేదు.

మిగిలిన టకటక వేరే జబ్బు. అది స్పార్కు ప్లగ్గుది. ప్లగ్గు మంట వేసిన ప్రతిసారీ చిన్న రేడియో స్టేషనులా చుట్టూ తరంగాలు వదులుతుంది. దాన్ని అణచడానికి చాలా ప్లగ్గుల్లో రెసిస్టరు పెడతారు, సాధారణంగా 5 కిలో ఓములు. చాలా కంపెనీలు అలాంటి ప్లగ్గు కోడులో ఆర్ అక్షరం వేస్తాయి. మా బండికి ఎవరో చవకగా ఆర్ లేని ప్లగ్గు వేశారు. బండి పుస్తకంలో రాసిన ప్లగ్గే వేయించాం. పాట తీగ ట్యాంకు కింద ఇగ్నిషన్ కాయిలును ఆనుకొని పోతుంటే రెండో వైపుకు మార్చాం. తీగ కూడా జాలీ చుట్టిన రకం తెచ్చాం. టకటక పోయింది.

అయినా గొంతు బొంగురుగానే ఉంది. మల్టీమీటరు పెట్టి చూశాం. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉన్నాయి, అంటే ఛార్జింగ్ బాగుంది. బైకుల్లో సుమారు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అదే సమయంలో గట్టిగా మాట్లాడుతుంటే యాంప్లిఫయరు దగ్గర 11.7 మాత్రమే. రెండు వోల్టులు సన్న తీగలోనూ పాత స్విచ్చులోనూ పోయాయి! హెడ్‌లైటు లైనులోంచి ఆ తీగ లాగి పెట్టారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి, మా 40 వాట్ల యాంప్లిఫయరుకు 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాం. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి. దూరంగా పెడితే మధ్య తీగ ఒరిసి ఇనుముకు తగిలినప్పుడు ఫ్యూజు కాపాడదు, పెట్రోలు ట్యాంకు పక్కనే మంట. ఈ పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు విప్పండి, చివర బిగించండి.

రెండు గరాటు స్పీకర్లు ఉన్నవారు ఇది కూడా చూసుకోవాలి. మావి ఒక్కోటి 16 ఓములు. పక్కపక్కన కలిపితే 8 ఓములు అవుతుంది, కాబట్టి యాంప్లిఫయరు వెనక 8 అని రాసిన చోట బిగించాలి. ఒక స్పీకరు ప్లస్, మైనస్ తిరగబడితే రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. మావి అలాగే ఉన్నాయి.

రికార్డింగు తప్పు మాత్రం అచ్చంగా మాదే. ముచ్చటపడి మాటల వెనక వీణ పెట్టించాం. గరాటు స్పీకరు లోతైన స్వరాలను పలకలేదు, బలవంతం చేస్తే బొంగురుపోతుంది. వీణ తీసేశాం, బాస్ నాబ్ తగ్గించాం. ఫోను వాల్యూము ముప్పావు వంతు దగ్గర ఆపి, మిగతాది యాంప్లిఫయరులో పెంచాం. తేదీ, బడి పేరు రెండేసిసార్లు నెమ్మదిగా చెప్పించాం. ఇప్పుడు కూడలిలో బండి ఆపి, ఇంజను ఆపి, మూడు నిమిషాలు వినిపించి ముందుకు పోతున్నాం. బైకు బ్యాటరీ చిన్నది, గంటసేపు అలా వాయిస్తే తర్వాత స్టార్ట్ కాదు.

పోలీసు అనుమతి కాగితం బండిలోనే ఉంచండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట వాడకూడదు.

బడి వాళ్లు ఇంకో వారం చేర్చుకుంటామన్నారు. అదే పల్లెకు మళ్లీ వెళ్లాం. అవ్వ ఈసారి బిందె తేలేదు, మనవరాలిని వెంటబెట్టుకొని వచ్చింది. “తేదీ ఇంకోసారి చెప్పు నాయనా, కాగితంలో రాసియ్యి” అంది. రాసిచ్చాం. హ్యాండిల్ మీది ఛార్జరుకు మా కోశాధికారి నల్ల టేపు చుట్టేశాడు, ఎవరూ మరిచిపోయి ఫోను తగిలించకుండా.