పెద్ద తుపాకి తూటా ఖరీదు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ అనగానే మనకు జ్ఞప్తికి వచ్చునవి గ్రంథాలయము, గానసభ, కళాశాలలు, పోటీ పరీక్షల శిక్షణాలయములు. పులులను, అడవిదున్నలను కొట్టు పెద్ద తుపాకులకును ఈ వీధులకును సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. సంబంధము లేకపోలేదు. ఈ నగరము నిజాము రాజధాని. వేట ఇచ్చట వినోదము మాత్రమే గాక దర్బారు మర్యాదలలో ఒకటిగా నుండెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను గొప్ప వేటగాడని ప్రసిద్ధి. 1902లో వైస్రాయి కర్జను ప్రభువు వరంగల్లు ప్రాంతమున నెక్కొండ దగ్గర పులివేట కేగినప్పటి ఛాయాచిత్రము నేటికిని నిలిచియున్నది. ప్రభువుల ననుసరించి జాగీర్దారులు, సేనాధికారులు, పెద్ద ఉద్యోగులు ఇంగ్లండు తుపాకులను సంపాదించుకొనిరి.

1949లో జాగీర్లు రద్దయినవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేటకు కాలము చెల్లినది. కాని తుపాకి ఇనుముతో చేసిన వస్తువు; యజమాని గతించినను అది నిలుచును. తాతగారి తుపాకి లైసెన్సుతో పాటు మనుమనికి సంక్రమించుట మన నగరమున వినని సంగతి కాదు. దానితో పాటు ఒక ప్రశ్నయు సంక్రమించును: “దీనికి తూటాలు ఎక్కడ దొరకును? దొరకినను అంత ధర ఎందులకు? కాల్చిన తూటాలనే మరల నింపించుకొనిన చవుక గదా?” ఈ ప్రశ్నను లెక్కతో పరిశీలించుట మా ఉద్దేశము.

మొదట తూటా స్వరూపమును చూతము. ఉర్దూలో దీనినే కార్తూసు అందురు. దీనికి నాలుగు అంగములు: ఇత్తడి డొల్ల, డొల్ల అడుగున దెబ్బ తగిలిన నిప్పు పుట్టించు చిన్న టోపీ, డొల్లలోని మందు, మూతివద్ద బిగించిన గుండు. మీట నొక్కగనే సూది టోపీని పొడుచును. టోపీలోని నిప్పు మందునకు అంటుకొనును. మందు వాయువై గుండును ముందునకు తరుమును. టోపీ, మందు, గుండు ఒక్క క్షణములో వ్యయమై పోవును. మిగులునది డొల్ల యొక్కటే. దానికి కొత్త టోపీ, కొత్త మందు, కొత్త గుండు అమర్చుటయే తూటాను మరల నింపుట.

పెద్ద తుపాకి యనగా ఎంత పెద్దది? తుపాకి పేరులోని అంకె అంగుళమున వేయింట ఎన్ని పాళ్ళో తెలుపును. .470 తుపాకి వెడల్పు ఇంచుమించు 12 మిల్లీమీటర్లు. గుండు బరువును గ్రెయిన్లలో చెప్పుట వాడుక. 180 గ్రెయిన్లు మన పాత తులము. సైనికుల .303 తుపాకి గుండు 174 గ్రెయిన్లు. అనగా తులమునకు కొంచెము తక్కువ. వేటకు వాడు .375 గుండు 300 గ్రెయిన్లు, తులమున్నరకు మించును. .470 గుండు 500 గ్రెయిన్లు. రెండు ముప్పావు తులములు. .577 గుండు 750 గ్రెయిన్లు. నాలుగు తులములు దాటును. గుండు పెరిగినకొలది మందును పెరుగును. ఒక పౌనునకు 7,000 గ్రెయిన్లు. పెద్ద తూటాలో సుమారు నూరు గ్రెయిన్ల మందు పట్టు ననుకొనిన, పౌను మందుతో నిండునవి డెబ్బది మాత్రమే. ఐదారు గ్రెయిన్లతో సరిపెట్టుకొను చిన్న పిస్తోలు తూటాలైనచో అదే పౌనుతో వేయికి పైగా నిండును. పెద్ద తూటా ఖరీదునకు ఈ బరువు మొదటి కారణము.

రెండవ కారణము ఇంతకంటె బలమైనది. అది గిరాకి తక్కువగుట. సైన్యములు వాడు తూటాలు కోట్ల సంఖ్యలో తయారగును గనుక యంత్రముల వ్యయము ఒక్కొక్క తూటాపై లేశమాత్రముగా పడును. పెద్దవేట తూటాలను కొనువారు ప్రపంచమంతటను కొద్దిమంది. ఆ కొద్దిమందియు ఒకే కొలత తుపాకిని వాడిన కొంత మేలుండెడిది. అట్లు జరుగకపోవుటకు మన దేశ చరిత్రయే ఒక కారణము. 1898లో రిగ్బీ కంపెనీవారు .450 కొలతతో పొగరాని మందు పెద్ద తుపాకిని వెలువరింపగా, అది మిక్కిలి ప్రచారము పొందెను. ఆ కొలత పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకులకును కలదు. తిరుగుబాటుదారుల చేతిలోనున్న ఆ తుపాకులకు గుండ్లు అందునేమో యని ఆంగ్ల ప్రభుత్వము శంకించి, 1907 ప్రాంతమున .450 తుపాకులు భారతదేశమునకు రాకుండ నిషేధించెను. అంతట ఇంగ్లండు కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కొక్క దారి త్రొక్కి .465, .470, .475 అనుచు వేరువేరు కొలతలను ప్రవేశపెట్టినవి. ఒకదాని తూటా మరొకదానిలో ఇముడదు. ఉన్న కొద్ది గిరాకియు ఇట్లు ముక్కలైనది.

ఈ తూటాలలో అధికభాగము బర్మింగ్‌హాములోని కైనాక్ కర్మాగారమునుండి వచ్చెడివి. సామ్రాజ్యము ముగిసి, వేట తగ్గిన పిదప 1960ల దశకమున ఆ తయారీ ఆగిపోసాగెను. తుపాకులు నిలిచినవి; వాని ఆహారము కరవైనది. కొన్ని దశాబ్దముల తరువాత ఇంగ్లండులో అదే పేరుతో తయారీ మరల మొదలైనను, అది గిరాకి కొలది చేసి యిచ్చు ఖరీదైన సరకే. మన దేశమున ప్రభుత్వ కర్మాగారములు లైసెన్సుదారులకొరకు ముఖ్యముగా చేయునవి 12 బోరు, .315, .32, .22 వంటి కొలతలు. నిజాము నాటి పెద్ద తుపాకులకు అవి పనికిరావు.

ఇక నింపుడు లెక్క. అమెరికా మొదలైన దేశములలో తుపాకిగాండ్రు తమ ఇండ్లలోనే తూటాలు నింపుకొనుట చిరకాలపు అలవాటు. అచ్చటి లెక్క ఎట్లుండునో చూచుటకు ఒక కొత్త తూటా వెల నూరు రూపాయలనుకొందము. ఇది లెక్కకొరకు తీసికొన్న అంకెయే గాని అంగడి ధర కాదు. అందులో డొల్ల ఏబది, గుండు ఇరువదియైదు, మందు పది, టోపీ రెండు, మిగిలిన పదమూడు కూలియు లాభమును అనుకొందము. డొల్లను అయిదుమార్లు వాడిన, ఒక్కొక్క మారునకు దాని వంతు పది రూపాయలు. గుండు, మందు, టోపీ కలిపి ముప్పదియేడు. మొత్తము నలుబదియేడు. అనగా తూటాకు ఏబదిమూడు రూపాయల ఆదా. సగమునకు పైగా మిగులుచున్నదని సంతోషింపవచ్చును.

అయితే ఈ పనికి ఒత్తు యంత్రము, కొలతకు తగిన అచ్చులు, సన్నపు త్రాసు మున్నగు పరికరములు వలయును. వాని వెల ఏబది కొత్త తూటాల వెలకు సమానమని, అనగా అయిదువేలని పెట్టుకొందము. అంతేకాదు. ఏ మందుతో ఏ గుండు సరిగా పోవునో తెలియుటకు కాల్చి చూడవలెను. పరీక్షకు నలుబది తూటాలు వ్యయమైన మరి పదునెనిమిదివందల ఎనుబది. మొత్తము ఆరువేల ఎనిమిదివందల ఎనుబది రూపాయలు. తూటాకు ఏబదిమూడు చొప్పున ఈ మొత్తము తీరుటకు నూటముప్పది తూటాలు కాల్చవలెను. గురి పందెములవానికి ఇది కొద్దివారముల పని. పెద్దవేట తుపాకి కలవాడు ఏటికి ఇరువది తూటాలు కాల్చుటయే గొప్ప. అతనికి ఆరున్నర సంవత్సరములు పట్టును! ఒక్కొక్క తూటాపై ఎక్కువ ఆదా కనుపించునది పెద్ద తుపాకికే. ఆ ఆదా చేతికి వచ్చుటకు ఎక్కువ కాలము పట్టునదియు దానికే.

పై లెక్కయు కొత్త సామగ్రి దొరకు దేశములదే. తాతలనాటి తూటాల సంగతి వేరు. కార్డైటు అను నాటి మందు పొడి కాదు. సేమ్యా పోగుల వలె పొడవైన కట్ట. డొల్ల మెడను నొక్కకముందే దానిని లోపల పెట్టెడివారు. చేతితో నింపువానికి ఆ విధానము సాధ్యము కాదు. మందు మార్చినచో పాత కొలతలేవియు పనికిరావు. నాటి టోపీలలో చాలవరకు పాదరసము ఉండెడిది. అది పేలినప్పుడు ఇత్తడిలోనికి ఇంకి డొల్లను పెళుసుబార్చును. కంటికి నిగనిగలాడు డొల్ల లోపల పగులుటకు సిద్ధముగా నుండవచ్చును. అయిదుమార్లు వాడుదమన్న డొల్ల మొదటిమారే చీలిన, మన లెక్క యంతయు తలక్రిందులగును.

జంట గొట్టముల తుపాకికి మరియొక చిక్కు కలదు. రెండు గొట్టముల గుండ్లును ఒకే చోట తగులునట్లు తయారీదారుడు ఒకానొక తూటాతో కాల్చి చూచి, ఆ గొట్టములను కూర్చి అతికించును. ఆ తూటా మారినచో ఒక గుండు ఇటు, ఒక గుండు అటు పోవును. పైగా నల్లమందు కాలపు తుపాకియు, పొగరాని మందు తుపాకియు ఒకే అంకె పేరుతో నుండుట కలదు. రెండవదానికి తగిన మందు మొదటిదానిలో పడినచో గొట్టము పగులును. కాల్చువాని చెంప తుపాకికి ఆనియుండును. ఎడమచేయి గొట్టము క్రింద నుండును. ఈ నష్టమునకు రూపాయలలో లెక్క లేదు.

ఇప్పుడు చట్టము మాట. పోలీసు ఉద్యోగ పరీక్షలకు చదువు అశోక్‌నగర్ విద్యార్థులకు 1959 నాటి ఆయుధముల చట్టము కొత్త గాదు. ఆ చట్టమున మందుగుండు అను మాటకు నిర్వచనము చాల విస్తృతము. నిండిన తూటాయే గాక తూటా భాగములును, తూటాలు చేయు యంత్రములును అందులోనికి వచ్చును. 5వ సెక్షను ప్రకారము లైసెన్సు లేనిదే వీనిని తయారు చేయరాదు. తుపాకి నుంచుకొనుటకు ఇచ్చిన లైసెన్సు తూటా తయారీకి అనుమతి కాదు. 2019 సవరణ పిమ్మట ఈ నేరమునకు శిక్ష ఏడేండ్లకు తగ్గని కారాగారము. అది యావజ్జీవము వరకును పోవచ్చును. “తెలిసిన మిస్త్రీ ఒకడున్నాడు, చవుకగా నింపి యిచ్చును” అని ఎవరైన చెప్పినచో, ఆ చవుకకు వెనుక ఏడేండ్లు దాగియున్నవని గుర్తింపవలెను.

ఇంతకును ఆ తూటాతో చేయవలసిన పనియేమి? వేట నేరము. మనుష్యులకు ప్రాణాపాయము కలిగించు మృగమును, పట్టుకొనుటకు వీలుగాని స్థితిలో, చంపుటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వ్రాతమూలముగా ఆజ్ఞ ఇయ్యవలెను. 2018 నవంబరులో మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో అవని అను ఆడపులిని హైదరాబాదు వేటగాడు కాల్చినప్పుడు, అట్టి ఆజ్ఞ యుండియు ఆ కాల్పు న్యాయస్థానములలో వివాదమయ్యెను. పోనీ, మనుష్యభక్షకులకైనను పెద్ద తుపాకియే వలయునా? 1926లో రుద్రప్రయాగ చిరుతను జిమ్ కార్బెట్ కూల్చినది .275 రిగ్బీ తుపాకితో. అది పెద్ద తుపాకుల లెక్కలోనిది కాదు.

కావున పాత తుపాకి సంక్రమించిన ఇంటివారు చేయదగిన దేమి? మొదట లైసెన్సు ఎవరి పేరనున్నదో, గడువు ఎప్పటివరకో చూడవలెను. లైసెన్సుదారుడు గతించినను, గడువు తీరినను, తుపాకిని ఆలస్యము చేయక సమీప పోలీసు స్టేషనులో గాని, నియమముల ననుసరించి లైసెన్సు గల వ్యాపారివద్ద గాని దాఖలు చేయవలెనని 21వ సెక్షను చెప్పుచున్నది. ఈ పేటలవారికి చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషనులు దగ్గరనే కలవు. ఉంచుకొనదలచిన వారసుడు నగర పోలీసు కమిషనరుకు దరఖాస్తు చేసికొనవలెను. లైసెన్సుదారుడు జీవించి యుండగనే, డెబ్బదియేండ్లు నిండినను లేక తుపాకి ఇరువదియైదేండ్లు తనవద్ద నున్నను, వారసుని పేర మార్పించుటకు 2016 నియమములు అవకాశ మిచ్చుచున్నవి. 2019 తరువాత సామాన్యముగా ఒక్కరికి రెండు తుపాకులకు మించి కూడదు. తుపాకితో పాటు డబ్బాలో నిలిచిన పాత తూటాలను కూడ అప్పగింపవలెను. నేటికిని పేలునో లేదో యని ఒకటి కాల్చి చూడరాదు. పిల్లలకు ఆటకిచ్చుట అంతకంటె ప్రమాదము.

తూటాకు డొల్ల వెల, మందు వెల, గుండు వెల, టోపీ వెల అని నాలుగు వెలలు చెప్పుకొంటిమి. చవుకగా నింపుకొందమనువాడు మరి రెండు వెలలను కూడ లెక్కలో వేసికొనవలెను: ఒకటి తన చేతులు, కన్నులు, రెండవది తన స్వేచ్ఛ. ఈ ఆరును కూడి చూచినచో, నిజాము నాటి పెద్ద తుపాకికి మరల నింపిన తూటాయంత ఖరీదైనది వేరొకటి లేదని తేలుచున్నది. తాతగారి స్మృతిగా ఆ తుపాకిని చట్టబద్ధముగా ఉంచుకొనవచ్చును. దానికి ఇక తూటా అక్కరలేదు.