దంతమూల క్షయం

దంతమూల క్షయం అనగా చిగురు కిందికి జారడం వలన బయటపడిన పంటి వేరు పుచ్చిపోవడం. వ్యవహారంలో దీనిని కూడా పిప్పిపన్ను అనే అంటారు. పిల్లలలో పుచ్చు ఎక్కువగా నమిలే భాగంలో మొదలవుతుంది. దంతమూల క్షయం మాత్రం ఎక్కువగా నడివయసు దాటినవారిలో, చిగురు అంచున మొదలవుతుంది. తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చు. అందువలన చాలామంది దీనిని గమనించరు. నిర్లక్ష్యం చేస్తే పన్ను మెడ దగ్గర విరిగిపోతుంది. ముసలితనంలో పళ్లు ఊడటం తప్పదనే నమ్మకం సరికాదు. దీనికి దారితీసే కారణాలలో అనేకం మార్చుకోదగిన అలవాట్లే.

వేరు ఎందుకు త్వరగా పుచ్చుతుంది?

చిగురుకు పైన కనిపించే పంటి భాగాన్ని ఎనామిల్ అనే గట్టి పొర కప్పి ఉంచుతుంది. దీని బరువులో సుమారు 96 శాతం ఖనిజాలే. వేరుకు ఈ కవచం లేదు. దానిపై పలుచని సిమెంటం పొర, దాని కింద డెంటిన్ ఉంటాయి. డెంటిన్‌లో ఖనిజాలు సుమారు 70 శాతం మాత్రమే.

నోటిలోని బాక్టీరియాలు చక్కెరను, పిండిపదార్థాలను ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లత్వాన్ని తెలిపే పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటే తగ్గినప్పుడు ఎనామిల్ కరగడం మొదలవుతుంది. వేరు విషయంలో 6.2 - 6.7 మధ్యనే ఈ ప్రక్రియ ఆరంభమవుతుంది. అనగా ఎనామిల్ తట్టుకోగల స్వల్ప ఆమ్లత్వం కూడా వేరుకు హాని చేస్తుంది.

జీవనశైలి కారణాలు

* తరచుగా తీపి తినడం: చక్కెర తగిలిన కొద్ది నిమిషాలలోనే పంటిపాచిలో పి.హెచ్. పడిపోయి, తిరిగి కోలుకోవడానికి అరగంట నుండి గంట వరకు పడుతుందని 1940లలో రాబర్ట్ స్టీఫన్ ప్రయోగాలు చూపాయి. కాబట్టి ఎంత తిన్నామన్నదే కాక, ఎన్నిసార్లు తిన్నామన్నది కూడా ముఖ్యం. రోజుకు ఐదారుసార్లు చక్కెర వేసిన టీ, మధ్యమధ్య బిస్కట్లు తీసుకునేవారి పళ్లు గంటల తరబడి ఆమ్లంలో ఉన్నట్లే.
* పొగాకు: ఇది చిగుళ్ల వ్యాధిని పెంచి వేరు బయటపడేలా చేస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా స్త్రీలలో, కనిపించే అడ్డపొగ (నిప్పు కొసను నోటిలో ఉంచి చుట్ట కాల్చడం) అంగిలి క్యాన్సరుకు కూడా కారణమవుతుంది. నోటి క్యాన్సరుకు చేసే రేడియేషన్ వలన లాలాజల గ్రంథులు దెబ్బతింటే పళ్ల వేర్లు వేగంగా పుచ్చుతాయి.
* గట్టిగా తోమడం: గట్టి బ్రష్షు, ఇటుకపొడి, బొగ్గుపొడి వంటివి చిగురును, వేరును అరగదీస్తాయి.
* నోరు ఎండిపోవడం: లాలాజలం ఆమ్లాన్ని తగ్గించి, ఖనిజాలను పంటికి తిరిగి అందిస్తుంది. రక్తపోటు, మానసిక కుంగుబాటు, ఎలర్జీలకు వాడే కొన్ని మందులు దానిని తగ్గిస్తాయి. అయితే ఆ మందులను సొంతంగా మానరాదు, వైద్యునికి చెప్పాలి.

అదుపులో లేని మధుమేహం చిగుళ్ల వ్యాధిని, నోరు ఎండటాన్ని రెండింటినీ పెంచుతుంది.

లక్షణాలు

చిగురు అంచున పసుపు లేదా గోధుమరంగు మచ్చ, ఆ భాగం మెత్తబడటం, చల్లని లేదా తీపి పదార్థాలకు పన్ను జివ్వుమనడం ముఖ్యమైనవి.

నివారణ

ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో, మెత్తని బ్రష్షుతో రోజుకు రెండుసార్లు తోముకోవాలి. తోమిన తరువాత నురుగు ఉమ్మివేయాలి. నీటితో ఎక్కువగా పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. నల్గొండ వంటి ఫ్లోరోసిస్ పీడిత ప్రాంతాలవారికి ఫ్లోరైడ్ పేరు వింటేనే భయం కలగడం సహజం. అయితే అక్కడి హాని ఏళ్ల తరబడి తాగిన నీటి వలన కలిగినది. పేస్టును పెద్దలు మింగకుండా ఉమ్మివేస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం, ఆహారానికి కలిపే చక్కెర, తేనె, పండ్లరసాల వంటి వాటిలోని చక్కెరల నుండి వచ్చే శక్తి మొత్తం ఆహారశక్తిలో 10 శాతం లోపు ఉండాలి. 2,000 కేలరీలు తీసుకునేవారికి ఇది రోజుకు సుమారు 50 గ్రాములు.

చికిత్స

గుంట పడకముందే గుర్తిస్తే ఎక్కువ ఫ్లోరైడ్ గల పేస్టు లేదా వార్నిష్‌తో మెత్తబడిన భాగాన్ని తిరిగి గట్టిపరచవచ్చు. సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ పుచ్చును ఆపగలదు, కానీ ఆ చోటు నల్లబడుతుంది. గుంట పడితే గ్లాస్ అయనోమర్ సిమెంటు వంటి వాటితో నింపుతారు. పుచ్చు పంటి లోపలి నాడి వరకు చేరితే రూట్ కెనాల్ చికిత్స లేదా పన్ను తీసివేయడం అవసరమవుతుంది. అందుకే నొప్పి లేకపోయినా, చిగురు జారినవారు క్రమం తప్పక దంతవైద్యునిచే పరీక్ష చేయించుకోవాలి.