శాసనసభ్యుల గుమ్మమున ప్రజలు



మన గ్రామములలో అర్జీ యనగా ఏమో తెలియనివారు లేరు. చెరువుగట్టు తెగినను, కాలువనీరు పై ఊరివారే మళ్ళించుకొన్నను, బడికి రెండవ ఉపాధ్యాయుని వేయకున్నను, పెద్దలు నలుగురు కూర్చుండి కాగితము వ్రాయించి, చేవ్రాళ్ళును వ్రేలిముద్రలును చేర్చి కచ్చేరికి మోసికొనిపోవుట తాతలనాటినుండి వచ్చుచున్న అలవాటు. అయితే మన అర్జీలు చాలవరకు అధికారులకు వ్రాయునవి. చట్టము నమలు జరుపువానిని వేడుకొనుటయే గాని, చట్టము చేయువాని గుమ్మమునకు పోయి, "ఈ చట్టము మాకు వలదు, చేసితిరేని వచ్చు ఎన్నికలలో మా మాట చెప్పుకొందుము" అనుట మనలో అంతగా లేదు. అమెరికా దేశమున ఈ రెండవ పద్ధతి మిక్కిలి బలిసియున్నది. ఆ దేశపు రాజ్యాంగమునకు 1791లో చేర్చిన మొదటి సవరణలోనే, తమ కష్టములను తీర్పుమని ప్రభుత్వమునకు విన్నవించుకొను హక్కు ప్రజలకు కలదని వ్రాసికొనిరి. శాసనసభ నడవను ఆంగ్లమున లాబీ యందురు. సభ్యులు వచ్చుచు పోవుచుండగా వారి నా నడవలో నిలువరించి మాటలాడుటనుబట్టి, చట్టముల విషయమున సభ్యుల మనస్సు మరల్పజూచు పనికంతకును లాబీయింగు అను పేరు వచ్చినది.

ఆ దేశపు ముచ్చట మనకేల యని మీరడుగవచ్చును. నేడు మన జిల్లాలలో అమెరికాలో ఒక కుమారుడో, మేనల్లుడో లేని ఊరు అరుదు. ఆ దేశమున అడుగిడుట కెవ్వరర్హులో నిర్ణయించు చట్టము మన యరుగులమీది సంసారములను తాకుచున్నది. 1917లో వారొక చట్టము చేసి భారతీయులకు తలుపు మూసివేసిరి. 1946లో ఏటికి నూర్గురు రావచ్చునని సందు తెరచిరి. 1965లో జాతినిబట్టి వాటాలు వేయు పాత పద్ధతిని తొలగించి, విద్యనుబట్టియు బంధుత్వమునుబట్టియు మనుష్యులను రానిచ్చు నియమము చేసిరి. ఆ చట్టమువలననే, అచటి పౌరుడైనవాడు తన తోబుట్టువును పిలిపించుకొనుటకు అర్జీ పెట్టుకొనగలుగుచున్నాడు. కాని తోబుట్టువుల తరగతి కంతకును ఏటికి 65,000 అనుమతులు మాత్రమే. అందును ఒక్క దేశమువారికి నూటికి ఏడుపాళ్ళకు మించి ఇయ్యరాదను కట్టుబాటు కలదు. కావున మన దేశమువారికి వరుస వచ్చుట యనునది ఏండ్లతో గాక దశాబ్దములతో లెక్కించుకొనవలసిన మాట.

2007వ సంవత్సరము మే 17వ తేదీన ఆ దేశపు ఎగువ సభయైన సెనేటులో ఒక పెద్ద బిల్లు సిద్ధమైనదని ప్రకటించిరి. అధ్యక్షుడు జార్జి బుష్ దానిని కోరెను. డెమొక్రాటిక్ పక్షమున ఎడ్వర్డ్ కెనెడీ, రిపబ్లికన్ పక్షమున జాన్ కైల్, జాన్ మెకెయిన్ మొదలగు వారు దానికి తోడ్పడిరి. అప్పటికి అనుమతి పత్రములు లేకయే ఆ దేశమున నివసించుచున్నవారు కోటి యిరువది లక్షల మందియని అంచనా. వారిలో అధికసంఖ్యాకులు మెక్సికో దేశమునుండి సరిహద్దు దాటి వచ్చినవారు. తోటలలో పండ్లు కోయువారు, ఇండ్లు కట్టువారు, భోజనశాలలలో అంట్లు తోమువారు. వారు అపరాధరుసుము చెల్లించి, దీర్ఘకాలము వేచియుండి, క్రమముగా స్థిరనివాసము పొందవచ్చునని బిల్లు చెప్పెను. అంతకు ముందుగా సరిహద్దున కంచెయు కాపలాయు పెంపవలెనని నియమించెను. తాత్కాలికముగా కూలివాండ్రను రప్పించుకొని మరల పంపివేయు పద్ధతి యొకటి చేర్చెను. ఇవిగాక, అంతగా ఎవ్వరి కంటను పడని మూల మరియొక నియమ ముండెను: ఇకమీదట విద్యకును ఉద్యోగమునకును ఆంగ్లభాషకును మార్కులు వేసి మనుష్యుల నెన్నుకొందురు, తోబుట్టువుల తరగతిని ఎత్తివేయుదురు, 2005 మే నెలకు పిమ్మట పెట్టుకొన్న అట్టి అర్జీలు చెల్లవు. ఈ చివరి మాటను దయచేసి జ్ఞప్తియందుంచుకొనుడు.

ఇట్లు అధ్యక్షుడును, ఇరుపక్షముల పెద్దలును, కూలివాండ్రు కావలసిన వర్తకసంఘములును ఒకవైపున నిలిచియుండగా బిల్లు నెగ్గకుండునని ఎవ్వరనుకొందురు? దానికి అడ్డు తగిలినవారు పదవులు లేని గృహస్థులు.

వారి కోపమునకు మూలము 1986లో నున్నది. ఆ యేడు అధ్యక్షుడు రీగన్ సంతకము చేసిన చట్టమువలన సుమారు 27 లక్షల మంది పత్రములు లేనివారు స్థిరనివాసము పొందిరి. అందుకు ప్రతిగా, ఇకమీదట అనుమతి లేనివారిని పనిలో పెట్టుకొను యజమానులను శిక్షింతుమని ప్రభుత్వము మాట యిచ్చెను. క్షమాపణ వెంటనే జరిగెను. శిక్ష మాత్రము కాగితముమీదనే నిలిచెను. ఇరువది యేండ్లలో పత్రములు లేనివారి సంఖ్య అనేకరెట్లు పెరిగెను. కావున 2007లో "ముందు క్షమింతుము, పిమ్మట కాపలా బిగింతుము" అన్న మాట వినగానే జనులు నమ్మరైరి. ఒకసారి మోసపోయినవానికి రెండవసారి కలుగు జాగ్రత్త యిది. దీనిని కేవలము ద్వేషమనరాదు. కూలిరేట్లు పడిపోవునని వెరచినవారు కొందరు. చట్టబద్ధముగా వరుసలో నిలిచినవారికి అన్యాయమనినవారు కొందరు. పరజాతివారు పొరుగున నుండుటయే సహింపనివారును వారిలో కలరు; ఆ సంగతి దాచుట సత్యము కాదు.

వారు పని సాగించిన తీరు మనము గమనింపదగినది. రాయ్ బెక్ అను పూర్వపు పత్రికావిలేఖకుడు 1990ల దశకములో నంబర్సు యు.ఎస్.ఎ. అను సంస్థను స్థాపించియుండెను. వలసవచ్చిన మనుష్యులను దూషింపరాదు, వలస సంఖ్యను మాత్రము తగ్గింపవలెననుట ఆయన చెప్పు మాట. ఆ సంస్థ తనయందు చేరినవారికి బిల్లు ఏ దినమున సభకు వచ్చునో, ఏ సభ్యుడు ఊగిసలాడుచున్నాడో, అతని కార్యాలయమునకు ఏమి చెప్పవలెనో ఎప్పటికప్పుడు ఇంటర్నెట్టు మూలమున తెలుపుచుండెను. ఖర్చులేకుండ ఫ్యాక్సు లేఖ పంపు సదుపాయమును కల్పించెను. ఉత్తరము వ్రాయవచ్చును గదా యందురా? 2001లో కొందరు సెనేటర్లకు విషపు పొడి గల ఉత్తరములు వచ్చిన పిమ్మట శాసనసభకు చేరు టపా నంతటిని పరీక్షించి గాని లోపలికి పంపరు. అది చేరునప్పటికి వోట్లు ముగిసిపోవును. అందువలన టెలిఫోనును ఫ్యాక్సును ముఖ్యమయ్యెను. ఆ సంస్థవారి ఫ్యాక్సులే పదిలక్షలు దాటెనని నాటి పత్రికలు వ్రాసినవి.

టెలిఫోను చేసిన గృహస్థుతో సెనేటరు స్వయముగా మాటలాడునని భ్రమపడవలదు. కార్యాలయములో యువకుడొకడు కూర్చుండి, "తమ నివాస మెక్కడ? బిల్లునకు అనుకూలమా, ప్రతికూలమా?" అని రెండు ప్రశ్నలడిగి గీత గీసికొనును. అన్యరాష్ట్రపువాని పిలుపునకు విలువ తక్కువ; వాడు తనకు వోటు వేయలేడు గదా! సాయంకాలమునకు ఆ గీతల లెక్క సెనేటరు బల్లమీదికి చేరును. వాదము కంటె లెక్కకే అచట గౌరవము. నేను పనిచేయు కాలమున మా బడి కప్పు విషయమై ఎనుబది చేవ్రాళ్ళతో ఒక కచ్చేరికి అర్జీ తీసికొనిపోయితిమి. వ్రాత చక్కగా నున్నదని గుమాస్తా మెచ్చుకొనెను కూడ. కాని ఏ దినమున ఎవ్వరి యెదుట అది విచారణకు వచ్చునో మాకు తెలియదు. తెలిసికొని పోవునప్పటికి నిధులు మరియొక గ్రామమునకు పంచివేసిరి. మాకు కొరవడినది న్యాయము కాదు, ఆ దినమెప్పుడో తెలియుట.

ఇందులో రేడియోకు పెద్దభాగము కలదు. రేడియో పుస్తకమున ఈ మాట చెప్పకపోయిన దోషమగును. అమెరికాలో శ్రోతలతో టెలిఫోనులో వాదించుచు గంటలకొలది మాటలాడు రేడియో ప్రసంగకులు కలరు. వారు ఆ వేసవియంతయు ఈ బిల్లునే చీల్చి చెండాడిరి. రేడియో మాటలే దేశమును పరిపాలించుచున్నవని ట్రెంట్ లాట్ అను రిపబ్లికన్ సెనేటరు విసుగుకొనెను. స్వపక్షపు శ్రోతలే తనపై విరుచుకుపడుట ఆయనకు కష్టమైయుండును.

సెనేటులో సభ్యులు నూర్గురు, రాష్ట్రమున కిద్దరు. ఆ సభయందు చర్చను అంతము చేయుటకు సగముకంటె ఒకటి ఎక్కువ చాలదు. అరువది వోట్లు కావలెను. కాబట్టి బిల్లు నాపదలచినవారికి సభనంతటిని గెలువవలసిన పని లేదు. నలువదియొక్కరిని నిలుపుకొన్న చాలును. కట్టుటకు మేస్త్రులెందరో కావలెను గాని, పునాదిరాయి లాగుటకు ఒక్కడు చాలును గదా! జూన్ 26వ తేదీన బిల్లును తిరిగి చర్చకు గైకొనుటకు 64 మంది ఒప్పిరి, 35 మంది కాదనిరి. బిల్లు బ్రతికినదని అందరు ననుకొనిరి. తరువాతి రెండు దినములు టెలిఫోనులు మ్రోగుచునే యుండెను. 28వ తేదీ గురువారమునాడు పిలుపుల బరువు మోయలేక సెనేటువారి టెలిఫోను యంత్రాంగమే మొరాయించెను. ఆనాడు చర్చ ముగించుటకు వోటు వేయగా 46 మంది మాత్రమే ఔననిరి, 53 మంది కాదనిరి. రెండు దినములలో పదునెనిమిది వోట్లు తరిగిపోయెను. కాదనినవారిలో రిపబ్లికనులు 37 మంది, డెమొక్రాట్లు 15 మంది, స్వతంత్రు డొకడు. ఆ స్వతంత్రుడైన బెర్నీ సాండర్సు, తాత్కాలికముగా కూలివాండ్రను రప్పించు పద్ధతివలన తన దేశపు శ్రామికుల వేతనములు పడిపోవునని వాదించెను. కార్మికసంఘముల మహాసమాఖ్యయు ఆ పద్ధతిని నిరసించెను. ఒక్క కారణముచేతనే అందరును ఒక్క వైపునకు చేరరు. ఆ నాటి 53 వోట్లలో పరస్పరము పొసగని అభిప్రాయములు పెక్కు కలవు.

మరి యెవ్వరి బ్రతుకును గూర్చి ఇంత వాదము జరిగెనో వారేమి చేసిరి? అంతకు ముందటి యేడు, 2006 వసంతమున, లాస్ ఏంజలీసు, చికాగో మొదలగు నగరములలో వారు లక్షలకొలది వీధులలో నడచిరి. అంత పెద్ద ఊరేగింపులు ఆ నగరములు అరుదుగా చూచినవి. కాని వారికి వోటు లేదు. టెలిఫోను చేసినను, "తమ నివాస మెక్కడ?" అన్న ప్రశ్నకే వారు జంకవలసియుండెను. వోటు గల గృహస్థుడు కుర్చీలో కూర్చుండి చేసిన పిలుపునకు సభలో గీత పడినది. వోటు లేనివాని పదిక్రోసుల నడకకు పడలేదు. మొరపెట్టుకొను హక్కు గొప్పది. దానిని వాడుకొనినవారిని నేను నిందింపను. అయినను విధివ్రాత ఎవ్వరిదో వారి మాటకు లెక్కలో చోటు లేకపోవుట నాకు సమ్మతము కాదు. 2013లో మరల ఇట్టి బిల్లునే సెనేటు 68 వోట్లతో అంగీకరించినది. దిగువ సభవారు దానిని చర్చకే తీసికొనలేదు.

మా పొరుగింటి పెద్దకుమారుడు నా శిష్యుడు. ఆ దేశమునకు పోయి పౌరుడైనాడు. 2006 ఆగస్టులో తన తమ్ముని పిలిపించుకొనుటకు అర్జీ పెట్టెను. 2008 సంక్రాంతికి వచ్చినపుడు మా అరుగుమీద కూర్చుండి ఈ వృత్తాంతమంతయు చెప్పెను. బిల్లు పడిపోయిన పిమ్మట గాని, అందులో తన తమ్ముని అర్జీని కొట్టివేయు నియమమున్నదని అతనికి తెలియలేదట!

"మా యెదుటి యింటాయన ఆ వారము మూడుసార్లు ఫోను చేసినాడట, మాస్టారూ, ఈ చట్టము వద్దని. వలసలు పెరిగిపోవుచున్నవని ఆయన బాధ. ఆయన చేసిన ఫోనులే మా తమ్ముని కాగితమును కాపాడినవి. నేను ఒక్కసారియు చేయలేదు" అనెను.

"తెలిసియుండిన ఏమని చెప్పియుందువు, నాయనా?" అని అడిగితిని.

అతడు వెంటనే బదులు చెప్పలేదు. "తమ్ముని కొరకు వద్దని చెప్పవలసియుండెను. మా తోటలో గడ్డి కోయుటకు ఒక మెక్సికో కుర్రవాడు వచ్చును. పత్రములు లేవు, ఇద్దరు పిల్లలు. వాని కొరకు కావలెనని చెప్పవలసియుండెను" అనెను. తమ్ముడు క్రింది మెట్టుమీద కూర్చుండి వినుచుండెను.

2024 సంక్రాంతికి అతడు మరల వచ్చెను. వరుస 2005వ సంవత్సరపు అర్జీలయొద్ద నున్నదని చెప్పెను. అర్జీ పెట్టిననాడు మూడవ తరగతి చదువుచుండిన తమ్ముని కూతురు, ఆ పండుగకు చంటిబిడ్డతో పుట్టింటికి వచ్చియుండెను.