జీపీఏ ఉందని ధీమాగా ఉన్నారా?

మేడ్చల్, శామీర్‌పేట సబ్‌ రిజిస్ట్రార్‌ కార్యాలయాల దగ్గర తరచూ వినిపించే మాట జీపీఏ. మన తరఫున ప్లాటు, ఇల్లు, బ్యాంకు పనులు చూసుకోమని నమ్మకస్తులకు రాసిచ్చే అధికారపత్రం అది. ‘రేపు నాకేమైనా అయితే పిల్లలు దీంతో నెట్టుకొస్తారు’ అని చాలామంది పెద్దల భరోసా. కానీ ఇందులో ఒక మెలిక ఉంది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్‌ ప్రకారం, అధికారం ఇచ్చిన వ్యక్తి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారమూ ముగిసిపోతుంది. అంటే తుంటి ఎముక విరిగి మంచాన పడితే జీపీఏ అక్కరకొస్తుంది. మతిమరుపు జబ్బు ముదిరితే పనికిరాదు. ఇంగ్లండ్‌లో అలాంటి స్థితిలోనూ చెల్లే ప్రత్యేక పత్రం ఉంది. మన దగ్గర లేదు. మనిషి కోమాలోకి వెళ్తే ఆస్తి వ్యవహారాల కోసం ఇంట్లోవాళ్లు హైకోర్టుకు వెళ్లాల్సి వస్తోంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ జాగ్రత్తలు తీసుకోండి.

బ్యాంకు ఖాతా: నామినీ పాత్ర ఖాతాదారు మరణించాకే మొదలవుతుంది. ఆసుపత్రి ఖర్చులకు అది ఉపయోగపడదు. భార్యాభర్తలకు ‘ఐదర్‌ ఆర్‌ సర్వైవర్‌’ పద్ధతిలో ఉమ్మడి ఖాతా ఉంటే ఎవరైనా డబ్బు తీయొచ్చు. స్పృహలో ఉండి సంతకం చేయలేకపోతే వేలిముద్ర చాలు. దాన్ని ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి.

చివరి దశ వైద్యం: కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్‌ వంటివి కొనసాగించాలా వద్దా అన్నది ముందే రాసుకునే లివింగ్‌ విల్‌కు సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తింపునిచ్చింది. 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్‌ అధికారితో ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది. మీ తరఫున మాట్లాడేవారి పేర్లు అందులో రాయాలి. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు.

మానసిక వైద్యం: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద మీ ప్రతినిధిని మీరే ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేస్తే చాలు.

మతిమరుపు మొదలైందని డాక్టర్‌ చెప్పారని ఇక దారి మూసుకుపోయినట్టు కాదు. తొలిదశలో విషయం అర్థం చేసుకోగలిగినవారు సంతకం చేయొచ్చు. ఆ రోజు డాక్టర్‌తో ధ్రువపత్రం రాయించుకుంటే తర్వాత పేచీలు తగ్గుతాయి.

ఇక జీపీఏ రాసేటప్పుడు తొందర వద్దు. అద్దె వసూలు చేసే అధికారం వేరు, ప్లాటు అమ్మే అధికారం వేరు. అవసరమైనంత వరకే ఇవ్వండి, చదవకుండా సంతకం చేయకండి. కాగితాలన్నీ ఎక్కడున్నాయో ఇంట్లో కనీసం ఇద్దరికి చెప్పండి. బీరువాలో ఎవరికీ తెలియకుండా ఉన్న పత్రం అర్ధరాత్రి ఐసీయూ ముందు అక్కరకు రాదు.