హుద్‌హుద్ వెళ్ళిన తరువాత మన కొండలు

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆనాడు విశాఖపట్నంలో ఉన్నవారెవరూ ఆ పగటిని మరచిపోయి ఉండరు. తుపాను తీరం దాటుతున్నప్పుడు గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. మా ఇంటిల్లిపాదీ ఒకే గదిలో చేరి, తలుపుకు బల్ల అడ్డం పెట్టి, దుఆ చేసుకుంటూ కూర్చున్నాము. మరునాడు మేడ ఎక్కి చూస్తే కొండల రంగు మారిపోయి ఉంది. నిలిచిన చెట్లకు ఆకు లేదు, పడిపోయిన చెట్లకు లెక్క లేదు. కంబాలకొండ నుంచి సింహాచలం వరకు అంతా గోధుమరంగే. “నిప్పు పెట్టి కాల్చినట్లుంది” అన్నది మా అమ్మ. అది పోలిక మాత్రమే అనుకున్నాము. తరువాతి వేసవులు వచ్చాక అది పోలిక కాదని తెలిసింది.

కరెంటు లేని ఆ రాత్రులలో పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటి మాకు ఇప్పటికీ గుర్తు. ఇంత నష్టం చేసిన తుపానుకు పక్షి పేరు ఎందుకు పెట్టారు? ఉత్తర హిందూ మహాసముద్రపు తుపానులకు ఈ ప్రాంత దేశాలు వంతులవారీగా పేర్లు సూచిస్తాయి. ఈ పేరు ఒమాన్ దేశం ఇచ్చినది. హుద్‌హుద్ అంటే మన కూకుడుగువ్వ. తలపై విసనకర్ర వంటి కిరీటం, రెక్కలపై నలుపు తెలుపు చారలు, సన్నని పొడవాటి ముక్కు. దివ్యఖుర్ఆన్ సూరా నమ్ల్‌లో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) పక్షుల దండును పరిశీలించి, హుద్‌హుద్ కనిపించడం లేదేమని అడిగిన వృత్తాంతం మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలిసినదే. అంతటి రాజ్యాన్ని ఏలే ప్రవక్త, అంత పెద్ద దండులో ఒక్క పిట్ట లేని సంగతిని గమనించారు. మన కొండల మీద ఏ పిట్ట కనిపించడం లేదో మనలో ఎందరు గమనిస్తున్నాము?

గాలి పడగొట్టిన అడవిని వాన మళ్ళీ లేపుతుంది. తుపాను తరువాత కొద్ది వారాలకే మోడులకు చిగురు వేసింది. రెండు మూడు వర్షాకాలాలు గడిచేసరికి రోడ్డు మీద నుంచి చూసేవారికి కొండలు పచ్చగానే కనిపించాయి. అయితే ఆ పచ్చదనంలో చెట్టు వాటా ఎంత, గడ్డి వాటా ఎంత అన్నది దగ్గరికి వెళితే గాని తెలియదు. పై గొడుగు చిరిగిపోయిన చోట ఎండ నేలను తాకుతుంది. ఎండ తగిలిన నేల మీద ముందుగా లేచేది గడ్డి, దానితోపాటు లాంటానా. పెళ్ళి తలంబ్రాల వంటి పూలు పూస్తుందని మనవాళ్ళు దానిని తలంబ్రాల చెట్టు అంటారు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ గడ్డి ఎండిపోతుంది. కింద కూలిన కొమ్మలు, దుంగలు సిద్ధంగా ఉంటాయి. ఇక ఒక్క బీడీ ముక్క చాలు.

మన దేశపు అడవులలో నిప్పు చాలావరకు మనుషుల చేతుల మీదుగానే పుడుతుంది. కొత్త గడ్డి మొలుస్తుందని పశువుల కాపరులు అంటిస్తారు. కొండ అంచున చెత్త కుప్పకు పెట్టిన మంట గాలికి పైకి పాకుతుంది. సరదాగా కొండ ఎక్కి వంట చేసుకున్నవారు పొయ్యి ఆర్పకుండా దిగి వస్తారు. వేసవి రాత్రి మా మేడ మీద పడుకున్నప్పుడు దూరపు కొండపై ఎర్రని గీత మెల్లగా కదలడం చూస్తాము. చిన్నపిల్లలకు అది అందంగా కూడా కనిపిస్తుంది.

ఆ గీత ఎత్తు మోకాలి లోతును మించకపోవచ్చు. పెద్ద చెట్లను అది కాల్చదు. అందుకే “గడ్డే కదా కాలింది” అని తేలికగా అనేస్తాము. కాని అది కాల్చేది రేపటి అడవిని. నిరుడు మొలిచిన నేరేడు, పాల, తుమికి మొక్కలు వేలెడు లావు కూడా కాకముందే మాడిపోతాయి. మరుసటి వానకు వాటికంటే ముందు గడ్డి లేస్తుంది. మరుసటి వేసవికి అదే మళ్ళీ అంటుకుంటుంది. ఒక్కసారి వచ్చిన నిప్పును అడవి తట్టుకోగలదు. ఏడాదికి ఒకసారి వచ్చేదానిని తట్టుకోలేదు.

పక్షుల సంగతి వింతైనది. మంట దగ్గర పక్షులు తగ్గవు, పెరుగుతాయి. పొగకు పైకి లేచే మిడతల కోసం నల్లని ఏట్రింతలు, పాలపిట్టలు, గద్దలు ముసురుకుంటాయి. చూసేవారికి అవి సంబరం చేసుకుంటున్నట్లే ఉంటుంది. ఉత్తర ఆస్ట్రేలియాలో గద్దలు మండుతున్న పుల్లలను ముక్కుతోనో కాళ్ళతోనో పట్టుకెళ్ళి కొత్తచోట పడవేసి, అక్కడి నుంచి పారిపోయే జీవులను వేటాడతాయని అక్కడి ఆదివాసులు తరతరాలుగా చెబుతారు. పరిశోధకులు 2017లో అటువంటి కథనాలను సేకరించి ప్రచురించారు. వాటిలో ఒకటి మన చేపల రేవుపై తిరిగే నల్లగద్ద జాతియే. మన గద్దలు ఇంకా ఆ విద్య నేర్చినట్లు లేదు. వాటి పని మనమే చేసిపెడుతున్నాము.

మంట ఆరిన తరువాత బూడిద నేల మీదికి మొదట వచ్చేవారిలో మన కూకుడుగువ్వ ఒకటి. తెరపి నేలలో ముక్కు గుచ్చి పురుగును లాగడం దానికి ఇష్టం. కనుక కాలిన కొండ మీద ఒక ఉదయం పక్షులను లెక్కపెడితే అంకె తగ్గినట్లే కనిపించదు. మారినది అంకె కాదు, ఆ అంకెలో ఉన్నవారు. రాలిన ఆకులను తిరగేసి బతికే పక్షులు ఉన్నాయి. తొలకరి వేళ రెండు మాటల ఈల వేసే పొన్నంకి పిట్ట, నారింజ తల నేలపిట్ట, గుంపులుగా తిరిగే బాబ్లర్లు అటువంటివే. ఆకుల పరుపు కాలిపోతే వాటికి వంటిల్లు కాలినట్లే. నేల మీద గుడ్లు పెట్టే కౌజులు, అడవికోళ్ళు, నైట్‌జార్ పక్షులు మరీ దురదృష్టవంతులు. మన దగ్గర నిప్పుల కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా. వాటిలో చాలావాటికి గూటి కాలం కూడా అదే. తల్లి ఎగిరిపోగలదు, గుడ్డు ఎగరలేదు.

కూకుడుగువ్వకు కూడా పూర్తి లాభం లేదు. అది తొర్రలో గూడు పెడుతుంది, కాని తొర్రను తాను తొలుచుకోలేదు. వడ్రంగిపిట్ట తొలిచి వదిలినదో, ముసలి చెట్టు కాలక్రమేణా పుచ్చి ఇచ్చినదో కావాలి. అటువంటి ముసలి చెట్లను తుపాను ముందుగా కూల్చింది. మిగిలిన డొల్ల మానులలో నిప్పు పొగగొట్టంలోలా పైకి లాగి మండుతుంది. మేత ఉన్నా ఇల్లు లేని బతుకు అది.

నిప్పు ఎక్కడైనా శత్రువేనా అంటే, కాదు. అమెరికాలోని మిషిగన్‌లో కిర్ట్‌లాండ్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట, మంట తరువాత మొలిచిన లేత పైను చెట్ల కిందనే గూడు కడుతుంది. మంటలను పూర్తిగా ఆపివేసిన కాలంలో అది అంతరించే దశకు చేరింది. దాని కోసం అడవిని ప్రణాళిక ప్రకారం పెంచిన మీదట, 2019లో దానిని ప్రమాదపు జాబితా నుంచి తొలగించారు. అయితే అదే సంవత్సరం చివర ఆస్ట్రేలియాలో లేచిన మంటలు సుమారు 18 కోట్ల పక్షులను దెబ్బతీశాయని అక్కడి శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. నిప్పుతో కలిసి పెరిగిన అడవి వేరు. తూర్పు కనుమలలో తీరాన్ని ఆనుకొని ఉన్న మన పొడి సతతహరిత వనం వేరు.

ఈ మార్పు తుపానుతో మొదలయిందని చెప్పడం కూడా న్యాయం కాదు. మన లోపలి ఓడరేవు ఒకప్పుడు మేఘాద్రిగెడ్డ సముద్రాన్ని కలిసే ఉప్పునీటి చిత్తడి. దానిని తవ్వి 1933లో రేవుగా తెరిచారు. కొంగలు, ఉల్లంకిపిట్టలు నిలిచే బురద ఓడలు నిలిచే నీరయింది. ఆ రేవే ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది, కనుక దానిని తప్పుపట్టే అర్హత మాకు లేదు. తరువాత ఉక్కు కర్మాగారం వచ్చింది. పొలాలు, తాటితోపులు, చెరువులు వేల ఎకరాలలో రూపు మారాయి. ఉక్కునగరంలో నాటిన చెట్లలో ఇప్పుడు గోరింకలు, కోయిలలు, పిగిలిపిట్టలు పుష్కలంగా ఉన్నాయి. కాని నాటిన నీడలోకి అవి వచ్చినంత తేలికగా పొన్నంకి రాదు. దానికి ఊడ్చని నేల కావాలి.

ఒకప్పుడు ఇక్కడ ఏమేమి ఉండేవో మనకు తెలియడానికి కారణం లెక్క రాసిపెట్టిన కొందరు. బొంబాయికి చెందిన హుమాయూన్ అబ్దులాలీ 1945లో విశాఖపట్నం జిల్లా పక్షులపై బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రచురించారు. సాలిం అలీ పేరు తెలిసిన మన ఇళ్ళలో కూడా ఈయన పేరు తెలిసినవారు తక్కువ. ఆ పనిని ఈ నగరపు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు ఏళ్ళ తరబడి కొనసాగించారు. ఈశాన్య భారతంలోను, ఇంకా తూర్పు దేశాలలోను ఉండే అబ్బట్స్ బాబ్లర్ అనే పిట్ట మన కనుమల తేమ పొదలలో కూడా ఉందని తేలినప్పుడు, ఇక్కడి ఉపజాతికి 1985లో అమెరికా శాస్త్రజ్ఞులు రిప్లీ, బీలర్ కృష్ణరాజు పేరే పెట్టారు. మన జిల్లా మనిషి పేరు మోసే పిట్ట అది. పోడు మంట పొదలోకి పాకితే అది తప్పుకోవడానికి పక్కన మరో అడవి లేదు.

హదీసులలో పక్షీ నిప్పూ కలిసి వచ్చే ఉదంతం ఒకటి ఉంది. అబూ దావూద్ సంకలనంలోనిది. ప్రయాణంలో సహచరులు ఒక పిట్ట పిల్లలను పట్టుకున్నారు. తల్లి రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అది చూసి, దాని పిల్లలను దానికి తిరిగి ఇచ్చివేయమన్నారు. అదే ప్రయాణంలో కాలిపోయిన చీమల పుట్టను చూసి, నిప్పుతో శిక్షించే హక్కు నిప్పుకు ప్రభువైనవానికి తప్ప మరెవరికీ లేదని చెప్పారు. ఈ రెండు సంగతులు ఒకే ఉల్లేఖనంలో ఎందుకు ఉన్నాయో మాకు కాలిన కొండ దారిలో నడిచిన రోజున తోచింది.

కంబాలకొండను 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. అది సుమారు 70 చదరపు కిలోమీటర్లు. మంటలను ఉపగ్రహాల ద్వారా పసిగట్టి అటవీ సిబ్బందికి కబురు పంపే ఏర్పాటు దేశంలో ఉంది. అయినా కబురు చేరి మనిషి కొండ ఎక్కేలోగా కాలవలసినది కాలిపోతుంది. కనుక కొండవాలు కాలనీలలో ఉండే మనలాంటివారి మాట ముఖ్యం. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా ఎండుటాకులు, చెత్త కాల్చకుండా ఉండవచ్చు. పొగ కనిపిస్తే మరొకరు చెబుతారులే అనుకోకుండా అటవీశాఖకు ఫోన్ చేయవచ్చు. పెరట్లో ఎండిన మాను ప్రమాదకరం కాకపోతే నరకకుండా ఉంచవచ్చు. మా వీధిలో ఒక ఎండిన వేపను అలాగే వదిలారు. రెండో ఏడు దాని తొర్రలో కూకుడుగువ్వ పిల్లలను చేసింది. దుర్వాసన వస్తుందని ఇంటివారు విసుక్కున్నారు, నిజమే. గూటిలో ఉన్నప్పుడు శత్రువులను తరమడానికి ఆ పిట్ట అటువంటి వాసననే విడుస్తుంది.

ఆ సంవత్సరం నుంచి మా పిల్లలు ఒక నోటుపుస్తకం పెట్టుకున్నారు. ప్రతి పుటలో గళ్ళు గీసి, కొండవైపు నడకకు వెళ్ళిన రోజున ఏ పిట్ట కనిపించిందో, ఏది వినిపించిందో రాస్తారు. హుద్‌హుద్ గడి నిండిపోతూ ఉంటుంది. పొన్నంకి గడిలో పోయిన తొలకరికి ఒక గుర్తు పడింది. ఈసారి కొండ రెండుసార్లు కాలింది. మొదటి వానలు కురిశాయి, పిల్లలు ఫజ్ర్ తరువాత వెళ్ళి వస్తున్నారు. ఆ గడి ఇంకా ఖాళీగా ఉంది.