డేరాలో ఒక్క ఉలికిపాటు

తిరుత్తణినుండి పళ్లిపట్టునకు పోవు త్రోవలో, చెఱకుతోటలకును మామిడితోపులకును నడుమ, ప్రొద్దు గూకినగాని ఆట మొదలిడుటకు వీలులేని యొక డేరా టాకీసునందు, ఇసుక నేలపై మోకాళ్లు ముడుచుకొని కూర్చుండి, నా పండ్రెండవ యేట నేను 'సిగప్పు రోజాక్కళ్' అను తమిళ చలనచిత్రమును చూచితిని. మా యింటి భాష తెలుగు, బడి భాష తమిళము. ఆ రాత్రి నా కొకప్రక్క కూర్చున్న రైతులు తెలుగున మాటలాడుకొనుచుండిరి; వేఱొకప్రక్కనున్న నేతపనివారు తమిళమున; నడుమ కట్టిన దడి కావల స్త్రీలు రెండు భాషలను కలగలిపి మాటలాడుకొనుచుండిరి. తెరమీద ఒక నల్లపిల్లి కానవచ్చి, ఇళయరాజా వాద్యములు ఒక్కుమ్మడి పైకెగసినప్పుడు, ఆ జనసమూహ మంతయు ఒక్క దేహమువలె ఉలికిపడెను. ఆ ఉలికిపాటులో తెలుగు లేదు, తమిళము లేదు. భాషలు రెండైనను భయ మేల ఒక్కటి యయ్యెనని నాకు నాడు కలిగిన సందేహమునకు శాస్త్రజ్ఞులు యంత్రములు చేతబట్టి సమాధానము వెదకుట ఈ శతాబ్దమునందే ఆరంభించిరి.

'పదినారు వయదినిలే', 'కిళక్కే పోగుం రయిల్' అను పల్లెటూరి కథలతో పేరుగాంచిన భారతీరాజా, పట్టణపు కథ తన చేతగాదని శంకించినవారికి బదులుగా 1978లో తీసిన చిత్రమది. కమల్ హాసన్ అందు కథానాయకుడు, హంతకుడును అతడే. శ్రీదేవి అతనిని వివాహమాడి, ఆ పెద్ద భవనములోని రహస్యమును ఒంటరిగా కనుగొను యువతి. చంపబడిన స్త్రీలను పాతిపెట్టిన తోటలో గులాబీలు పూయుచుండును. 1979లో తెలుగున 'ఎర్రగులాబీలు' అను పేర, 1980లో రాజేష్ ఖన్నా నాయకుడుగా హిందీలో 'రెడ్ రోజ్' అను పేర అదే కథ మరల వచ్చినది. ఈ జాతి చిత్రములకెల్ల మూలపురుషు డనదగిన 'సైకో'ను ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960 జూన్ మాసమున న్యూయార్కులో విడుదల చేసెను. ఆ యేటనే, అంతకు రెండున్నర మాసములు ముందుగా, ఏప్రిల్ 1వ తేదీన, మా తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రమున చేరెను; తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాలలోని సత్యవేడు ప్రాంతపు గ్రామములు ఆంధ్రమునకు పోయెను. సరిహద్దు జరిగినను రెండు భాషలును ఇరుప్రక్కల నిలిచిపోవుటచేతనే, మా డేరా ఎవ్వరును ఏర్పాటు చేయని యొక ప్రయోగశాల యయ్యెనని నాకు తోచును.

అయినను హత్యాకథ విని వణకుట మా సీమకు హిచ్‌కాక్ నేర్పిన విద్య కాదు. తిరువళ్లూరునుండి అరక్కోణము పోవు రైలుదారిలో తిరువాలంగాడు కలదు. శివుడు కాళితో పోటీపడి నర్తించిన రత్నసభ యదియే. కారైక్కాల్ అమ్మైయారు పిశాచరూపము దాల్చి స్వామి పాదముల చెంత కూర్చుండి ఆ నాట్యమును కాంచిన శ్మశానస్థలి యదియే. దాని ప్రక్కనున్న పళయనూరులో పుట్టినది నీలి కథ. భర్తచేత చంపబడిన యొక స్త్రీ, మఱుజన్మమున వర్తకుడై పుట్టిన ఆతనిని వెంబడించి, జెముడు కొమ్మను బిడ్డగా మార్చి చంకనెత్తుకొని, 'ఇతడు నా మగడు, నన్ను విడిచిపోవుచున్నాడు' అని ఊరి పెద్దలైన వెళ్లాళుల యెదుట విలపించును. ఇది నా భార్య కాదు, పిశాచమని అతడు మొఱపెట్టుకొన్నను వారు నమ్మక, నీ ప్రాణమునకు మా ప్రాణములు పూటయని మాటయిచ్చి, ఇద్దఱను ఒక్క యింట నుంచి తలుపు వేయుదురు. తెల్లవాఱునప్పటికి వర్తకుడు చచ్చి పడియుండును. మాట తప్పనొల్లని డెబ్బదిమంది వెళ్లాళులు అగ్నిప్రవేశము చేయుదురు.

ఈ కథను చిన్ననాడు వినినవారు ఒక్క విషయము జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆ బిడ్డ జెముడు కొమ్మ యని మనకు తెలియును, వెళ్లాళులకు తెలియదు. తలుపు మూయుచున్నారని వినినప్పుడు మన గుండె జల్లుమనుటకు కారణ మా తెలివియే. హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడైన త్రూఫోతో సంభాషించునప్పుడు వివరించిన సూత్రమును అచ్చముగా నిదియే. బల్లక్రింద బాంబున్నదని ఎవ్వరికిని తెలియక అది ప్రేలినచో ప్రేక్షకునకు కలుగునది క్షణకాలపు అదరుపాటు. ఉన్నదని ప్రేక్షకునకు తెలిసి, బల్లచుట్టు కూర్చున్నవారికి తెలియక వారు తీరికగా మాటలాడుకొనుచున్నచో కలుగునది దీర్ఘమైన ఉత్కంఠ. ఎర్రగులాబీల తోట సంగతి మనకు తెలియును, కొత్తగా కాపురమునకు వచ్చిన పిల్లకు తెలియదు. దడి కావలనుండి ఒక ముసలమ్మ 'పోవద్దే తల్లీ, లోపలికి పోవద్దే' అని తెలుగున కేకవేయుట నా చెవులలో నింకను మ్రోగుచున్నది. తెరమీది శ్రీదేవి తమిళమున మాటలాడుచున్నదని గాని, తన మాట ఆమెకు వినబడదని గాని ఆ అవ్వకు ఆ క్షణమున తోచలేదు.

ఉలికిపాటు వేఱు, ఉత్కంఠ వేఱు. దేహమునందు వాని త్రోవలును వేఱు. పెద్ద శబ్దము చెవిని పడినంతనే, సెకనులో ఇరువదవ వంతు గడవకమున్నే, కంటిఱెప్ప మూతపడును. ఇది మెదడు కాండములో జరుగు ప్రతిక్రియ. ఆలోచనకు అందు చోటులేదు. చీకటిలో నున్నవారికిని, అంతకుముందే బెదరియున్నవారికిని ఈ ఉలికిపాటు ఎక్కువగునని ప్రయోగములు తెలుపుచున్నవి. కావున దర్శకుడు ముందు ఉత్కంఠతో మనలను బిగించి, పిదప శబ్దముతో కొట్టును. 'సైకో'లోని స్నానపుగది హత్య తెరపై నిలుచునది ముక్కాలు నిమిషము మాత్రమే. దానిని చిత్రించుటకు ఏడు దినములు పట్టినది, డెబ్బదికి మించిన కోణములనుండి చిత్రించిరి. ఆ ఘట్టమునకు సంగీతమే వలదని హిచ్‌కాక్ మొదట తలచెను. బెర్నార్డ్ హెర్మన్ కేవలము తీగవాద్యములతో కూర్చిన కీచుధ్వనిని వినిన పిమ్మట మనసు మార్చుకొనెను. ఆ కీచుధ్వని యేల అంత బాధించునో, అమెరికాలో పర్వతపు టుడుతల వంటి మార్మట్లను పరిశీలించు డేనియల్ బ్లమ్‌స్టీన్ అను జీవశాస్త్రజ్ఞుడు చెప్పుటకు పూనుకొనెను. పట్టువడిన పిల్లమృగము గొంతు శక్తికి మించి అఱచునప్పుడు ధ్వని చీలి, గరగరలాడి, స్థాయి తప్పును. ఆతడు తన సహచరులతో 102 చలనచిత్రముల ఘట్టములను పరీక్షింపగా, భయానక చిత్రములలో ఇట్టి చీలిన ధ్వనులు తఱచుగా కానవచ్చెను. పిల్ల అఱచినచో తల్లి లేచుటకు నిఘంటువు అక్కఱలేదు గదా!

మస్తిష్కపు లోభాగమున, ఇరువైపుల, బాదంగింజ యాకారమున అమిగ్డల యను భాగము కలదు. అపాయసూచన అందినప్పుడు అది దిగువ కేంద్రములను మేల్కొలుపగా, మూత్రపిండములపై నున్న గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తమున విడుచును; గుండె వేగము హెచ్చును, అఱచేతులు చెమర్చును, రోమములు నిక్కబొడుచుకొనును. నెత్తురు గడ్డకట్టెనని మనవారు అనుటయు కేవలము అలంకారము కాదు: 2015లో హాలండు దేశపు లైడెన్ నగర పరిశోధకులు 24 మంది యువజనులకు భయానక చిత్రము చూపి రక్తమును పరీక్షింపగా, గడ్డకట్టుటకు తోడ్పడు ఎనిమిదవ కారకము పెరిగియుండెను, గడ్డలు మాత్రము ఏర్పడలేదు. అరుదైన వ్యాధిచే అమిగ్డలలు రెండును నశించిన యొక అమెరికా స్త్రీ కలదు. శాస్త్రగ్రంథములు ఆమెను ఎస్.ఎం. అను పొడియక్షరములతోనే పేర్కొనును. ఘోరమైన చిత్రఖండములను చూపినను ఆమె భయపడలేదు. ఆసక్తితో చూచి, ఒక చిత్రముపేరు అడిగి, అద్దెకు తెచ్చుకొందునన్నదట. అద్భుతము ఆమెకు కలదు, భయానకము లేదు. కాని 2013లో ఆమెచేత బొగ్గుపులుసు వాయువు అధికముగా కలిసిన గాలిని పీల్పించినప్పుడు ఆమెయు తల్లడిల్లిపోయెను. కావున భయమంతయు ఆ బాదంగింజలోనే యున్నదనుట సరికాదు. ఈ నాడీమార్గములను విశదపఱచిన జోసెఫ్ లెడూ సైతము, దేహము తన్ను రక్షించుకొను వ్యాపారమును మనస్సు అనుభవించు భయమును ఒక్కటిగా నెంచరాదని తరువాతి కాలమున హెచ్చరించెను.

ఇక నా చిన్ననాటి సందేహమునకు వత్తును. 2004లో ఉరి హాసన్ అను ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు, ఎం.ఆర్.ఐ. యంత్రములో పండుకొన్నవారికి ఒక్కొక్కరికిగా ఒకే చలనచిత్రమును చూపి, వేఱువేఱు మనుష్యుల మెదళ్లలోని భాగములు ఒకే క్షణమున ఒకే రీతిగా చైతన్యము పొందుచున్నవని కనుగొనెను. 2008లో ఆతడు, ఆతని సహచరులును ప్రకటించిన కొలతలు మఱియు విశేషమైనవి: ఒక ఉద్యానవనమున కెమెరాను నిలిపి ఊరకే తీసిన దృశ్యమును చూచునప్పుడు మస్తిష్కత్వచమున నూటికి 5 పాళ్లకు లోపుగానే సామ్యము కానవచ్చెను; హిచ్‌కాక్ తీసిన యొక టెలివిజన్ కథను చూచునప్పుడు 65 పాళ్లు. ఉత్కంఠ పెరిగినకొలది చూపు తెరమధ్యమునకు ముడుచుకొని, ప్రక్కల జరుగునది మెదడునకు పట్టకుండుటను 2015లో అమెరికాలోని జార్జియా పరిశోధకులు హిచ్‌కాక్ చిత్రములు మొదలైనవానితో నిరూపించిరి. దోమ కుట్టుటయు, ప్రక్కవాని భాషయు, జనరేటరు రొదయు ఆ వేళ మాకు లేకపోయిన కారణ మిది.

వీనికంటె నాకు మనోహరముగా తోచినది జర్మనీలోని మైంజ్ నగరపు పరిశోధన. జోనాథన్ విలియమ్స్ ప్రభృతులు సినిమాశాలనుండి బయటికి పోవు గాలిని కొలిచిరి. 16 చిత్రములు, సుమారు 9,500 మంది ప్రేక్షకులు. ఉత్కంఠ ముదిరిన ఘట్టములలో, ఎన్నిమారులు ఆడించినను అవే క్షణములందు, ఆ గాలిలో బొగ్గుపులుసు వాయువును, ఐసోప్రీన్ అను పదార్థమును హెచ్చుచుండెను. కండరములు బిగిసినప్పుడు, కూర్చున్నచోట మెదలినప్పుడు దేహము ఐసోప్రీన్‌ను ఊపిరిద్వారా వదలును. అనగా నాటి మా డేరాలో, రైతు విడిచిన భయమును నేతగాడు పీల్చెను, నేతగాడు విడిచినదానిని నేను పీల్చితిని.

భయము ఇంత నిజమైనదైనచో లేచి పాఱిపోక డబ్బిచ్చి యేల కూర్చుందుము? వేయేండ్ల క్రిందట కాశ్మీరమున అభినవగుప్తుడు భయానకరసమును వివరింపుచు శాకుంతలములోని లేడిని చూపెను. దుష్యంతుని రథమునకు జడిసి మెడ త్రిప్పి చూచుచు పరుగిడు ఆ లేడి భయము, చూచువానికి 'నా భయము' కాదు, 'శత్రువు భయము' కాదు. దేశకాలములు జారిపోయి మిగిలిన కేవల భయము, కావుననే ఆస్వాదయోగ్యము. స్తంభము, స్వేదము, రోమాంచము, వేపథువు అని భరతుడు పేర్కొన్న సాత్త్వికభావములు నేటి యంత్రములు కొలుచు గుర్తులే గదా! దీనికి డాల్ఫ్ జిల్‌మన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1970ల నాటినుండి ప్రతిపాదించిన యొక సూత్రమును జతచేయవచ్చును: మనస్సు క్షణమున మాఱును, రక్తములోని ఉద్రేకము మెల్లగా దిగును, అపాయము తప్పినదని తెలిసినంతనే, ఆ మిగిలిన ఉద్రేకమే ఉపశమనమును ఆనందముగా పొంగించును. మా డేరాలో ఒక్క ప్రొజెక్టరే గనుక రీలు మార్చునప్పుడెల్ల దీపములు వెలుగును. ఆ వెలుగులో జనులు నవ్విన నవ్వులును, సోడాబుడ్ల చప్పుళ్లును, గొంతెత్తి చెప్పుకొన్న ధైర్యవచనములును నేను మఱియెచ్చటను వినలేదు.

ఒక్కటి మాత్రము నన్ను నేటికిని కలవరపెట్టును. 'సైకో'లో చంపబడిన యువతి కారును హంతకుడు బురదగుంటలో ముంచునప్పుడు, అది సగము మునిగి క్షణకాలము ఆగును. అయ్యో, మునుగదేమో యని ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టును. ఎవరి పక్షమున? 'సిగప్పు రోజాక్కళ్'లోను హంతకునకు అందమున్నది, బాల్యమున్నది, ఆ బాల్యమున పడిన గాయములున్నవి. పాతిపెట్టబడిన స్త్రీలకు గులాబీలు తప్ప మఱేమియు లేదు. మన మెదడు తన యెదుట ముఖము నిలిపినవాని పక్షము వహించును. ముఖము నిలుపుట దర్శకుని చేతిలోనిది. మా పళయనూరు కథకులు ఆ ముఖమును చచ్చినదానికిచ్చిరి. పేరు నామెకే యిచ్చిరి. చంపినవాని పేరు ఊరిలో పలువురకు తెలియదు, నీలి పేరు తెలియనివారు లేరు. ఈ విషయమున మా పల్లెకథయే గొప్పదని నా దృఢమైన యభిప్రాయము.

ఆట ముగిసినను భయము దేనినో యొకదానిని పట్టుకొని యింటికి వచ్చును. 1999లో అమెరికా విద్యార్థులను ప్రశ్నింపగా, నూటికి 90 మంది చిన్ననాడు తమ్ము బెదరించిన చిత్ర మొకటి చెప్పిరి. నాలుగవ వంతునకు మించినవారికి ఆ బెదురు ఇంకను పూర్తిగా వదలలేదు. 'సైకో'లో నటించిన జానెట్ లీ యే తన ఘట్టమును తెరపై చూచిన పిమ్మట షవరు క్రింద స్నానము చేయుటకు జంకితినని చెప్పుకొన్నది. నూతివద్ద చేదతో తోడుకొని స్నానము చేయు మా యూరివారిని ఆ భయము అంటకపోయెను. మాకు అంటినది పువ్వు. మా పెరటిలో ఒక ఎర్రగులాబి పాదుండెను. తమిళము నాకంటె బాగుగా వచ్చిన మా అక్క, ఆ సంవత్సరమంతయు దానికి పట్టపగలు తప్ప నీళ్లు పోయలేదు.